తప్పాల్సిన పరీక్ష

ఆ ఉదయం ఆర్విడ్ హౌగెన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఒక గుడ్డు మాడ్చాలి. మరీ బొగ్గు కానక్కర్లేదు. చూసినవాళ్లు "పాపం, ఈ పెద్దాయన ఇంట్లో ఒంటరిగా ఉండలేడు" అని తల అడ్డంగా ఊపేంత మాడితే చాలు. ఆ తర్వాత స్టవ్ కట్టేయడం మర్చిపోయినట్టు నటించాలి. ముందురోజంతా కిటికీ దగ్గర కూర్చుని ఆలోచించి పెట్టుకున్న పథకం అంతే.

ఆయన ఉంటున్నది మిన్నెసోటాలో, నోర్డాల్ అనే ఊరి చివర, రైలు పట్టాలకి ఇవతల ఉన్న నర్సింగ్, రిహాబ్ సెంటర్లో. ఫిబ్రవరిలో తన ఇంటి ముందు ఉత్తరాల డబ్బా దగ్గర గడ్డకట్టిన మంచు మీద కాలు జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక మళ్లీ నడక నేర్పడానికి ఇక్కడికి తెచ్చారు. ఏప్రిల్ వచ్చేసరికి వాకర్ ఆయన్ని మోస్తోందా, ఆయన వాకర్‌ని మోస్తున్నాడా అన్నంత బాగా నడుస్తున్నాడు. ఆయనకి వచ్చిన కష్టం కూడా అదే.

ఆ భవనానికి రెండు వైపులున్నాయి. తూర్పు వైపు ఆర్విడ్ లాంటివాళ్లు. వస్తారు, కసరత్తులు చేస్తారు, ఇళ్లకి వెళ్లిపోతారు. పడమటి వైపు మతిమరుపు వార్డు. దాని తలుపు అంకెలు నొక్కితే తప్ప తెరుచుకోదు. అక్కడికి వెళ్లినవాళ్లు ఇళ్లకి వెళ్లరు. ఆర్విడ్ భార్య మార్లిస్ రెండేళ్లుగా ఆ తలుపుకి అవతలే ఉంది.

తుంటి విరగకముందు ఆయన ఆమెని ఆదివారాల్లో మాత్రమే చూడగలిగేవాడు. చూపు మందగించి లైసెన్స్ పోయింది. ఇంటికీ సెంటర్‌కీ మధ్య పొలాలు తప్ప ఏమీ లేవు. పక్క పొలం వాళ్లు చర్చి అయ్యాక కారులో దింపేవాళ్లు. వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు నవ్వుతూ "బాగానే ఉన్నారండీ" అనేవాళ్లు. ఆయనా బాగానే ఉందనుకున్నాడు. మనిషి కాస్త చిక్కిందనుకున్నాడు, వయసు వల్ల అనుకున్నాడు.

ఇదే కప్పు కిందికి వచ్చాక గానీ సంగతి తెలియలేదు. మార్లిస్ తినడం లేదు. పళ్లెం ముందు పెడితే దాన్ని చూస్తూ కూర్చుంటుంది. ఎవరైనా పక్కన కూర్చుని, తొందర పెట్టకుండా ఉంటే తింటుంది. కానీ అలా కూర్చునేవాళ్లు ఎవరు? మధ్యాహ్నం భోజనానికి ఆ వార్డులో హోదన్ అనే సోమాలీ అమ్మాయి ఒక్కతే తొమ్మిది మందికి తినిపించాలి. ఆమె మంచి పిల్ల. ఒకరి నోట్లో చెంచా పెట్టి, ఇంకొకరి గడ్డం తుడిచి, మూడో మనిషి లేచి పోతుంటే పరిగెత్తి పట్టుకుని వచ్చేసరికి మార్లిస్ సూప్ మీద మీగడ కట్టేది. అక్కడ చెడ్డవాళ్లెవరూ లేరు. చేతులే చాలవు.

హోదన్ తలుపు తీయగా, మొదటిసారి ఆర్విడ్ తన పళ్లెంతో వెళ్లి ఆమె ఎదురుగా కూర్చున్నప్పుడు మార్లిస్ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"మీరు ఇక్కడ కొత్తా?"

"అవునండీ, కొత్తే," అన్నాడు ఆర్విడ్.

"తినండి మరి. మొహమాటపడకండి," అని, అతిథి తింటుంటే తను ఊరికే కూర్చోవడం మర్యాద కాదని, చెంచా తీసుకుంది. ఆయన ఒక ముద్ద, ఆవిడ ఒక ముద్ద. ఆ పూట పళ్లెం ఖాళీ అయింది. అప్పటినుంచి మూడు పూటలా ఆయన కొత్తగా వచ్చిన అతిథే. మార్చి చివరికి ఆమె బుగ్గలు నిండాయి. హోదన్ కళ్లు పెద్దవి చేసి, "బాబాయ్, పిన్ని గౌను బిగుతైంది!" అంది. తనకన్నా పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవడం వాళ్లలో లేదు. ఎంతమంది చెప్పినా ఆ అమ్మాయి మానలేదు.

ఏప్రిల్ మొదట్లో థెరపిస్ట్ తెస్సా గంతులేసుకుంటూ వచ్చింది.

"ఆర్విడ్ గారూ, శుభవార్త! రేపు వంటింటి పరీక్ష. అది పాసైతే శుక్రవారం మీరు ఇంటికే!"

"ఇంత తొందరగానా?"

"తొందరేంటండీ? మిగతావాళ్లంతా ఎప్పుడు పంపుతారు, ఎప్పుడు పంపుతారు అని నా ప్రాణం తీస్తున్నారు."

"తుంటి ఇంకా నొప్పిగానే ఉందమ్మా."

"ఎక్కడ?"

ఆయన చెయ్యి పెట్టి చూపించాడు.

"అది ఎడమ వైపు," అంది తెస్సా. "విరిగింది కుడి వైపు."

ఇలాంటి వ్యవహారాల్లో ఆర్విడ్‌కి అనుభవం లేదు. నలభై ఏళ్లు ఊరి పాల సహకార సంఘంలో వెన్న తీసిన మనిషి. ఆ పనిలో అబద్ధానికి చోటుండదు. వెన్న వస్తుంది, లేదంటే రాదు. అందుకే గుడ్డు ఉపాయం ఆలోచించాడు. పరీక్ష తప్పితే ఇంకొన్ని వారాలు ఉంచుతారు. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

వంటింటి పరీక్ష అంటే, కసరత్తుల హాలు మూలన ఇంట్లో ఉండేలాంటి ఒక చిన్న వంటగట్టు, స్టవ్, సింక్ ఉంటాయి. అక్కడ నిలబడి, పడిపోకుండా, కాల్చుకోకుండా ఏదో ఒకటి వండి చూపించాలి.

"గుడ్డు వేయించండి. బ్రెడ్ కాల్చండి. స్టవ్ కట్టేయండి. అంతే," అంది తెస్సా, చేతులు కట్టుకుని నిలబడుతూ.

ఆర్విడ్ పెనం పెట్టాడు. వెన్న వేశాడు. మంట పెద్దది చేయాలని చెయ్యి చాచాడు. కానీ వెన్న నురగ కట్టి, ఆ వాసన ముక్కుకి తగిలేసరికి, ఆయన చెయ్యి ఆయన మాట వినలేదు. తనంతట తనే మంట తగ్గించింది. గుడ్డు పగిలి పెనంలోకి జారింది. అంచులు జరీలాగా వచ్చాయి. నడిమి పసుపు వణుకుతూ నిలబడింది. ఆయన దాన్ని ఒడుపుగా పళ్లెంలోకి దించి, స్టవ్ కట్టేశాడు. కట్టేశాక గానీ కట్టేసినట్టు తెలియలేదు.

"అబ్బ!" అని చప్పట్లు కొట్టింది తెస్సా. "మా ఇంట్లో నాకే ఇలా రాదు."

"ఇది లెక్కలోకి రాదు," అన్నాడు ఆర్విడ్ నీరసంగా.

"ఎందుకు రాదు?"

ఆయన పళ్లెం ఆ అమ్మాయి వైపు జరిపాడు. "నువ్వు పొద్దున్న ఏం తిన్నావు?" అన్నాడు.

"కాఫీ తాగాను."

"కాఫీ తిండేనా? కూర్చో. అది తిను. నాకు ఇంకోటి వేసుకుంటాను."

తెస్సా కాదనలేకపోయింది. ఆయన మళ్లీ పెనం పెట్టి, ఈసారి మంట పూర్తిగా తిప్పాడు. వెన్న వేసి, గుడ్డు కొట్టి, చూస్తే మళ్లీ చెయ్యి ఊరుకోదని గట్టిగా కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. వెనక చిటపట మొదలైంది. పళ్లు బిగబట్టాడు. ఒక మంచి గుడ్డు పాడవుతుంటే వినడం ఆయనకి ఎంత కష్టమో ఆయనకే తెలుసు. మర్చిపోయినట్టు నటించాలనుకున్నవి రెండు: గుడ్డు, స్టవ్. నిజంగానే మర్చిపోయింది మూడోది. పెనం పిడి పట్టుకోవడానికి తెచ్చుకున్న తువ్వాలు మంట పక్కనే పడి ఉంది.

అదే సమయానికి గ్లెండా ప్రౌటీ తలుపు దగ్గర తొంగి చూసింది. ఆవిడ సెంటర్ డైరెక్టర్. సెంటర్‌కి ప్రభుత్వం నాణ్యతకిచ్చే అయిదు నక్షత్రాల్లో మూడున్నాయి. నాలుగోది వస్తుందని ఆవిడ ఆశ. రాష్ట్రం తనిఖీ వాళ్లు చెప్పకుండా వస్తారు, ఏ రోజైనా రావచ్చు. అందుకని ఆవిడ ఏడాదిగా ప్రశాంతంగా ఒక కప్పు కాఫీ తాగలేదు.

"తెస్సా!" అంది గుసగుసగా. "వచ్చేశారు."

"ఎవరండీ?"

"ఇంకెవరు? ముందు హాల్లో ఇద్దరున్నారు. టైలు కట్టుకున్నారు. కొలత టేపు పట్టుకుని గుమ్మం వెడల్పు కొలుస్తున్నారు. వీల్‌చెయిర్ పడుతుందో లేదో చూస్తున్నారన్నమాట. అసలు వచ్చి నన్ను కలవనైనా కలవలేదు. ఎంత పొగరో చూడు."

తెస్సా పళ్లెం పట్టుకునే తలుపు దాకా వచ్చి చూసింది. నిజమే, ఇద్దరు మనుషులు మోకాళ్ల మీద వంగి నేల కొలుస్తున్నారు. అప్పుడు వెనకనుంచి ఏదో భగ్గుమన్న చప్పుడు, ఆ వెంటనే అలారం.

తెస్సా వెనక్కి ఒక్క దూకు దూకి, గోడకున్న మంటలార్పే డబ్బా తీసి నొక్కింది. తువ్వాలు, పెనం, గుడ్డు, వంటగట్టు, ఆర్విడ్ చేతులు మోచేతుల దాకా తెల్లటి పొడిలో మునిగాయి. మంట ఆరింది. గోడ మీద నల్లటి మచ్చ, గదినిండా పొగ మిగిలాయి. అలారం మాత్రం ఆగలేదు. అది ఫైర్ స్టేషన్ వాళ్లొచ్చి ఆపితే తప్ప ఆగదు.

"గ్లెండా గారూ, ఆరిపోయింది! ఏం భయం లేదు!" అని అరిచింది తెస్సా.

గ్లెండా అక్కడ లేదు. అలారం మోగీ మోగగానే ఆవిడకి అంతా తేటతెల్లమైపోయింది: ఇది తనిఖీ వాళ్ల పనే. మనం ఎలా స్పందిస్తామో చూడటానికి వాళ్లే మోగించారు! మరుక్షణం మైకులో ఆవిడ గొంతు వినబడింది.

"సిబ్బంది అందరికీ! ప్రతి ఒక్కరినీ బయట పచ్చిక మీదికి తీసుకురండి. ప్రతి ఒక్కరినీ! నవ్వుతూ తీసుకురండి!"

అలారం మోగితే పడమటి వార్డు తలుపు తనంతట తనే తెరుచుకుంటుంది. మంటల్లో ఎవరూ లోపల చిక్కుకోకూడదని అలా పెట్టారు. తలుపు తెరుచుకుంది. చక్రాల కుర్చీలు, మంచాలు, దుప్పట్లు కప్పుకుని నడిచేవాళ్లు, ఒకరి వెనక ఒకరు బయటికి వచ్చారు. చాలామంది చలికాలం మొదలైనప్పటినుంచి ఆకాశం చూడలేదు. ఒకావిడ పచ్చికలో నిలబడి, "ఎండ కాస్తోందే!" అని ఎవరో దాచిపెట్టిన సంగతి బయటపడ్డట్టు అంది.

లెన్ అనే డ్రైవర్, రోజూ ఇంటినుంచి కసరత్తులకి వచ్చే ఒకావిడని సెంటర్ వ్యాన్‌లో తెచ్చి అప్పుడే దింపాడు. జనం బయటికి రావడం చూసి, ఇంజన్ కట్టేయకుండానే దూకి, కుర్చీలు తోయడానికి పరిగెత్తాడు. వ్యాన్ తలుపు తెరిచే ఉంది.

హోదన్ మార్లిస్‌ని మెట్లు దింపి, పచ్చిక అంచున నిలబెట్టి, "పిన్నీ, ఇక్కడే ఉండు. ఇప్పుడే వస్తా," అని మిగతావాళ్ల కోసం లోపలికి వెళ్లింది.

మార్లిస్ చుట్టూ చూసింది. ఉదయం ఎండ. రోడ్డు పక్కన వరసలో నిలబడిన మనుషులు. ఎదురుగా ఇంజన్ ఆన్‌లో ఉన్న బండి, తెరిచిన తలుపు, ఖాళీగా డ్రైవర్ సీటు. ఆమె ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. ఎవరి పేరూ, ఏ సంవత్సరమూ ఆమె తలలో నిలవడం లేదు గానీ, ఖాళీ డ్రైవర్ సీటు చూస్తే ఏం చేయాలో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఎక్కండి, ఎక్కండి. తోసుకోకండి. లైన్లో," అంది.

నడవగలిగినవాళ్లు నలుగురు బుద్ధిగా ఎక్కారు. ఆ గొంతు అలాంటిది. ఆమె అద్దం సరిచేసుకుంది, వెనక అందరూ కూర్చున్నారో లేదో చూసుకుంది, తలుపు మూసింది, బండి కదిలించింది.

పచ్చిక అవతలి అంచున గ్లెండా టైలవాళ్లిద్దరినీ వెంటబెట్టుకుని తిరుగుతోంది. వాళ్ల చేతుల్లో ఎవరో పెట్టిన కాఫీ కప్పులున్నాయి. వాళ్లు కలవరంగా అలారం వైపు, ఆవిడ వైపు మార్చి మార్చి చూస్తున్నారు.

"చూశారా?" అంది గ్లెండా, వెళ్తున్న వ్యాన్ చూపిస్తూ. "నడవగలిగినవాళ్లని అప్పుడే వ్యాన్‌లో ఇలాంటప్పుడు మేం వాడుకునే చర్చికి తరలించేస్తున్నాం. ఎవరూ చెప్పకుండానే! మా వాళ్లకి అంత శిక్షణ ఉంది."

"చాలా బాగుందండీ," అన్నాడు వాళ్లలో పెద్దతను. "కానీ మేం..."

అప్పుడే లెన్ ఒక చక్రాల కుర్చీ తోసుకుంటూ చెమటలు కక్కుతూ ఆవిడ పక్కనుంచి వెళ్లాడు. గ్లెండా చిరునవ్వు మొహం మీదే ఉండిపోయింది.

"లెన్," అంది. "వ్యాన్ ఎవరు నడుపుతున్నారయ్యా?"

లెన్ వెనక్కి తిరిగి చూశాడు.

"అమ్మా," అన్నాడు టై కట్టుకున్న పెద్దతను మెల్లగా, "మేం కార్పెట్ కొలతలకి వచ్చాం. మీరే రమ్మన్నారు."

ఈలోగా తెస్సా ఆర్విడ్‌ని బయటికి తీసుకువచ్చింది. ఆయన చేతులు ఇంకా తెల్లగా పిండిలో ముంచినట్టున్నాయి. వాకర్ తోసుకుంటూ పడమటి వార్డు వాళ్ల మధ్య ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వెళ్తున్నాడు. హోదన్ ఎదురుగా పరిగెత్తుకొచ్చింది.

"బాబాయ్, పిన్ని నీ దగ్గరుందా?"

"నా దగ్గరెందుకుంటుందమ్మా?"

"ఇక్కడే నిలబెట్టాను. ఇక్కడే..." ఆ అమ్మాయి పచ్చిక అంచు చూపించింది.

ఆర్విడ్ రోడ్డు వైపు చూశాడు. దూరంనుంచి ఆయనకి మనుషుల మొహాలు కనబడవు గానీ, కదిలే బండి కనబడుతుంది. తెల్లటి వ్యాన్ నెమ్మదిగా, మలుపు దగ్గర సిగ్నల్ వేసి మరీ, పట్టాల వైపు తిరుగుతోంది. అంత జాగ్రత్తగా మలుపు తిప్పే మనిషి ఊళ్లో ఒక్కతే. అది ఎవరో ఆయనకి తెలిసిపోయింది. సరిగ్గా అప్పుడే దూరంగా రైలు కూత వినబడింది.

ఆయన వాకర్ వదిలేశాడు.

రోడ్డు పొలం చుట్టూ తిరిగి వెళ్తుంది. అడ్డంగా పోతే దగ్గర. ఆర్విడ్ గట్టు దాటి, మురుగు కాలువ దిగి, అవతలికి ఎక్కి, మంచు కరిగి బురదైన మొక్కజొన్న మోళ్ల మీదుగా సాగాడు. పరుగని చెప్పలేం, నడకని అంతకన్నా చెప్పలేం. వెనక తెస్సా "ఆర్విడ్ గారూ! తుంటి! తుంటి!" అని అరుస్తూ వస్తోంది. కాలువ దగ్గర ఆ అమ్మాయి బూటు బురదలో కూరుకుపోయింది. దాన్ని వదిలేసి కాలు లాక్కునేసరికి ఆయన సగం పొలం దాటాడు. దారంతా ఆయన లోపల ఒకటే మాట తిరుగుతోంది. నేనే చేశాను. నేనే చేశాను.

పట్టాల దగ్గర ఎర్ర దీపాలు వెలగడం మొదలైంది. వ్యాన్ దగ్గరవుతోంది. ఆయన గొంతు చించుకుని "మార్లిస్!" అన్నాడు. అంత దూరం ఎవరికి వినబడుతుంది?

వ్యాన్ ఆగింది.

పట్టాలకి తగినంత ఇవతల, గీత గీసినట్టు ఆగింది. తలుపు తెరుచుకుంది. స్కూలు బస్సు నడిపేవాళ్లు పట్టాల దగ్గర ఆగి, తలుపు తెరిచి, రైలు చప్పుడు వినబడుతుందేమో చూసుకున్నాకే కదలాలి. మార్లిస్ ఆగింది, తలుపు తెరిచింది, చెవి ఒగ్గి వింది. గోధుమలు మోసుకుపోయే రైలు భూమి అదిరేలా వచ్చి, పెట్టె వెనక పెట్టెగా పోతూ ఉంది. ఈ ఊళ్లో రైలు ఎప్పుడూ ఇంత పొడుగని తిట్టుకునే ఆర్విడ్ ఆ రోజు ఇంకా పొడుగుండాలని కోరుకున్నాడు.

చివరి పెట్టె దాటకముందే ఆయన వ్యాన్ మెట్టు పట్టుకున్నాడు. ఊపిరి అందడం లేదు. మార్లిస్ తల తిప్పి, మోకాళ్ల దాకా ఉన్న బురదని, తెల్లటి చేతుల్ని చూసింది.

"ఆలస్యం చేశావ్," అంది. "ఎక్కు. కాళ్లు దులుపుకో."

ఆయన కాళ్లు దులుపుకుని ఎక్కాడు. తాళం లాక్కోబోయాడు గానీ, ఆమె మొహం చూసి మనసొప్పలేదు. రెండేళ్లలో ఆ మొహంలో ఇంత నిబ్బరం ఆయన చూడలేదు.

"ఈ రోజు బడి లేదు మార్లిస్," అన్నాడు. "సెలవిచ్చారు."

"ఎందుకు?"

"మంచు పడుతుందట."

"ఏప్రిల్లోనా?"

"మన ఊరి సంగతి తెలిసిందేగా."

ఆమె అద్దంలోంచి ఆకాశం చూసింది. నిర్మలంగా ఉంది. ఈ ఊళ్లో అది ఏమాత్రం పూచీ కాదని ఆమెకి తెలుసు. బండి కట్టేసి, బ్రేకు లాగి, తాళం తీసి ఆయన చేతిలో పెట్టింది.

వెనక సీట్లోంచి రిటైరైన పాస్టర్ ఓస్ట్‌బీ అడిగాడు, "అంత్యక్రియలు ఎవరివండీ?"

"ఎవరూ పోలేదు పాస్టర్ గారూ," అన్నాడు ఆర్విడ్.

"మరి భోజనం?"

ఆ మాటకి ఆర్విడ్‌కి నవ్వు వచ్చింది. నవ్వుతోపాటు ఇంకేదో కూడా వచ్చింది. సీటు అంచున కూలబడి, తెల్లటి చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. మార్లిస్ కాసేపు చూసి, పిల్లల్ని ఓదార్చే అలవాటున్న మనిషి కనక, ఆయన వీపు మీద చెయ్యి వేసి రాసింది.

సెంటర్‌కి బయల్దేరిన ఫైర్ ఇంజన్ దారిలో వ్యాన్ పక్కన ఆగింది. ఊరి ఫైర్ దళం పెద్ద వెండెల్ క్రూగర్, మిగతా వేళల్లో ఇనుప సామాన్ల కొట్టు నడిపేవాడు, చిన్నప్పుడు మార్లిస్ బస్సెక్కి పెరిగినవాడే. కిటికీలోంచి చెయ్యి బయటికి చాచి, "అంతా క్షేమమేనా?" అని అరిచాడు.

"చెయ్యి లోపల పెట్టు," అంది మార్లిస్.

వెండెల్ చటుక్కున చెయ్యి లోపల పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం గ్లెండా గదిలో అందరూ కూర్చున్నారు. తెస్సా ఒక కాలికి బూటు లేకుండా వచ్చింది. హోదన్ తలుపు దగ్గరే నిలబడింది. ఉద్యోగం పోయిందని ఆ అమ్మాయి అప్పటికే నిశ్చయించుకుంది.

"వంటగట్టు విషయంలో తప్పు నాదేనండీ," అంది తెస్సా. "పరీక్ష మధ్యలో తలుపు దగ్గరికి వెళ్లాను."

"నీది కాదు," అన్నాడు ఆర్విడ్. "గుడ్డు నేను కావాలని మాడ్చాను."

గదిలో ఎవరికీ అర్థం కాలేదు.

"కావాలనా?" అంది గ్లెండా. "ఎందుకు?"

"పరీక్ష తప్పుదామని. తప్పితే ఉంచుతారు కదా. ఉంచితే మార్లిస్ తింటుంది. నేను ఇంటికెళితే వారానికోసారి వస్తాను. వారానికోసారి తింటే మనిషి బతకదు. అందుకని. ఇంతమందిని ప్రమాదంలో పడేశాను. ఏ శిక్ష వేసినా పడతాను."

గ్లెండా ఆయన్ని చూసి, హోదన్ వైపు తిరిగింది. "ఆవిడ తినడం లేదా? బాగానే తింటున్నారని నాకు చెప్పారే?"

హోదన్ నేల వైపు చూసింది. తర్వాత తల ఎత్తింది. "తినేవాళ్లు బాగానే తింటున్నారు మేడమ్. పిన్నికి ఒక్క పూటకి అరగంట కావాలి. అక్కడ తొమ్మిది మందున్నారు. నా దగ్గర అరగంట లేదు. చలికాలంలోనే చెప్పాను. చూద్దాం అన్నారు."

"ఎవరన్నారు?"

"మీరేనండీ."

గోడ మీద మూడు నక్షత్రాలున్న ఫలకం ఉంది; దాని వైపు చూడకుండా ఉండటానికి గ్లెండా కష్టపడింది. ఫోన్ దగ్గరికి లాక్కుంది. "వ్యాన్ సంగతి రాష్ట్రానికి నేనే చెప్పాలి. వాళ్లు తెలుసుకుని వచ్చేలోగా చెప్పడమే నయం. హోదన్, నువ్వెళ్లి పని చూసుకో. నీ ఉద్యోగానికేం కాదు. నా ఉద్యోగం సంగతే చూడాలి."

అసలు తనిఖీ వాళ్లు తర్వాతి సోమవారం వచ్చారు. వాళ్లు టైలు కట్టుకోలేదు. ఇద్దరు నడివయసు ఆడవాళ్లు, రబ్బరు బూట్లు వేసుకుని వచ్చి, మాట్లాడకుండా పడమటి వార్డు భోజనాల గదిలో మూడు పూటలూ కూర్చున్నారు. నాలుగో నక్షత్రం రాలేదు సరికదా, మూడోది కూడా పోయింది. దానికి బదులు భోజనాల వేళ ఆ వార్డుకి ఇంకో ఇద్దరు మనుషులు వచ్చారు. ఎండ కాసే రోజుల్లో అందరినీ బయట కూర్చోబెట్టాలని కూడా వాళ్లే చెప్పారు. ఆ రోజు పచ్చికలో ఎండ చూసి మురిసినావిడ లోపలికి రానని మొండికేసిన సంగతి వాళ్ల చెవిన పడింది.

ఆర్విడ్ పరీక్ష సంగతి తేల్చాల్సింది తెస్సా. ఆయన వాకర్ లేకుండా గట్టు దాటి, కాలువ దిగి ఎక్కి, బురదలో పొలం అడ్డంగా దాటడం తెస్సాయే కళ్లారా చూసింది. నిజానికి అందుకోలేకపోయింది కూడా.

"ఇంత బాగా అతుక్కున్న తుంటిని నేనింతవరకు చూడలేదు," అంది బాధగా. "తప్పించడానికి నాకు దారి లేదండీ. పాస్."

తనిఖీ గొడవ వల్ల వారం ఆలస్యమైనా, ఆ తర్వాతి శుక్రవారం ఆయన్ని ఇంటికి పంపేశారు. తప్పుదామని అంత తంటాలు పడి, ఆ సెంటర్లో ఎవరూ పాస్ కానంత గట్టిగా పాసయ్యాడు. పక్క పొలం వాళ్లు వచ్చి దింపారు. ఆ సాయంత్రం ఆయన వంటింట్లో కూర్చుని, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ చూస్తూ, ముద్ద దిగక, పళ్లెం పక్కకి నెట్టేశాడు.

శనివారం పొద్దున్నే ఇంటి ముందు హారన్ మోగింది. లెన్ వ్యాన్ అద్దం దించాడు.

"ఎక్కండి. కసరత్తులకి వచ్చే ఆవిడ ఇల్లు మీ వెనక రోడ్డే. రోజూ ఇటే వస్తాను."

"నన్నెలా ఎక్కించుకుంటావయ్యా? నేను మీ పేషెంటుని కాదుగా."

"వాలంటీర్లని ఎక్కించుకోవచ్చట. మేడమ్ చెప్పింది. పొద్దున్నే మిమ్మల్ని వాలంటీర్ని చేసేశారు. మిమ్మల్ని అడగలేదా?"

"లేదే."

"మరి వద్దంటారా?"

ఆర్విడ్ అప్పటికే లోపల కూర్చున్నాడు.

పడమటి వార్డులో మార్లిస్ కిటికీ పక్క బల్ల దగ్గర ఉంది. కొత్తగా చేరిన అమ్మాయి ఆమె పక్కన కూర్చుని, తొందర లేకుండా మాట్లాడుతోంది. మార్లిస్ ఆర్విడ్‌ని చూసి, ఎదురుగా ఉన్న కుర్చీ కాలితో కొంచెం వెనక్కి జరిపింది.

"మీరు ఇక్కడ కొత్తా?"

"అవునండీ," అన్నాడు ఆర్విడ్, కూర్చుంటూ. "ఈ రోజే చేరాను."

ఇప్పుడు ఆయన రోజూ వస్తాడు. మార్లిస్ తినాలంటే ఆయనా తినక తప్పదు కనక, సెంటర్ వంట మీద ఆయనకి కొన్ని గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి. వాలంటీరు ఫిర్యాదుని పట్టించుకోవాలని నియమమేమీ లేదు. అయినా మే నెలనుంచి బంగాళాదుంపల్లో ఉప్పు వేస్తున్నారు.